అక్క అందించిన అక్షరం

కంట్లో నలుసు పడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి మా బావ. అలాంటివాడికి కంట్లోకి సూది వెయ్యాలని డాక్టరుగారు చెప్పేసరికి గభాలున కుర్చీలోంచి లేచాడు. గుమ్మం అనుకుని పక్కనున్న బీరువా తలుపు తీశాడు. ఇంకోరోజైతే నేను పడీపడీ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. గుమ్మానికి నీలం రంగు తలుపు ఉంది, బీరువా తెల్లగా ఉంది. ఆ తేడా తెలియని కన్నుతోనే బావ నెలల తరబడి మా మధ్య తిరుగుతున్నాడన్న సంగతి అక్కకీ నాకూ ఆ క్షణంలోనే తెలిసింది.

బావది నాటకాల బతుకు. మా బృందంలో రాజు వేషం ఎవరికీ దక్కనివ్వడు, అందుకే అందరూ మహారాజు అని పిలుస్తారు. వీధిలో పాలు తేవడానికి వెళ్లినా కిరీటం నెత్తిన ఉన్నట్టే నడుస్తాడు. నేను వాళ్ల ముందు గదిలో మిషను వేసుకుని బృందానికి బట్టలు కుడతాను. మా అక్క ప్రాంప్టరు. నటులు మాట మరిచిపోతే తెర పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని మాట అందిస్తుంది. దేవుడు నోళ్లు పంచేటప్పుడు అక్క వాటా కూడా నేనే లాక్కున్నానని బావ అంటుంటాడు. నిజమే, నాకు నోరెక్కువ. అక్కకి లేనే లేదనిపిస్తుంది. కానీ ఆ లేని నోటితోనే ఆమె ఇన్నేళ్లుగా నాటకాలు నడిపించింది.

అక్క పని ఎలా ఉంటుందో చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ప్రాంప్టింగ్ అంటే వాక్యం వాక్యమంతా గుసగుసగా చెప్పడం అనుకుంటారు. అలా చెబితే ముందు వరుసలో వాళ్లకి వినబడి పరువు బజారున పడుతుంది. అక్క మొదటి అక్షరమే అందిస్తుంది. అందులో గొంతు ఉండదు, ఊపిరి మాత్రమే. పెదవులు కదిలీ కదలవు, పైగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. 'వి' అని ఊపిరి వదిలితే చాలు, బావ 'విన్నావా మంత్రీ!' అని హాలు దద్దరిల్లేలా అందుకుంటాడు. పక్కన నిలబడ్డ భటుడికి కూడా ఆ ఊపిరి వినబడదు.

ఇంట్లోనూ అదే తంతు. బావ "ఆ అదేంటది, దాని పేరు..." అని ఆగుతాడు. అక్క వంటగదిలోంచి "తా" అంటుంది. "తాళంచెవి ఎక్కడ పెట్టావే?" అని బావ పూర్తి చేస్తాడు. తను ఆగినట్టు అతనికీ తెలీదు, తను అందించినట్టు ఆమెకీ తెలీదు. భార్యాభర్తలంటే ఇద్దరూ కలిసి ఒక మనిషి అంటారు చూడండి, వీళ్ల విషయంలో అది ముచ్చట కోసం అన్న మాట కాదు.

బావకి షుగరు పాత చుట్టం. ఎడమ కన్ను మసకబారుతున్నప్పుడు పట్టించుకోలేదు. "రాజుకి సింహాసనం ఒకటి చాలు, కన్ను మాత్రం రెండెందుకు?" అని మాట దాటేశాడు. ఇప్పుడు కుడి కన్నూ అదే దారి పట్టాక, నేనూ అక్కా చెరో చెయ్యీ పట్టుకుని లాక్కొచ్చాం.

డాక్టరుగారు చిన్న వయసావిడ, ఓపిక మాత్రం పెద్దది. బావని బీరువా దగ్గర్నుంచి కుర్చీలోకి తెచ్చి కూర్చోబెట్టింది. కంప్యూటరులో రెండు ఫొటోలు చూపించింది. గెడ్డం ఒక దిమ్మ మీద ఆనించి, లోపల పచ్చటి చుక్కని చూడమని తీసిన స్కాన్లు అవి. కంటి వెనకాల పొర అట. నాకైతే మడతపెట్టి ఇస్త్రీ చేసిన బట్టల దొంతరని పక్కనుంచి చూసినట్టు ఉంది.

"ఇది ఎడమ కన్ను. ఇక్కడ అడుగున సన్నటి తెల్ల గీత ఉండాలి. వెలుతురుని పట్టేది అక్కడే. మీకు ఇక్కడ చెరిగిపోయింది," అంది. "ఇప్పుడు ఈ కుడి కన్ను చూడండి. ఈ నల్లటి బుడగలన్నీ నీరు. దాంతో పొర వాచింది. కానీ గీత మాత్రం మధ్యలో ఇంకా నిలబడి ఉంది, ఒక పక్కే తెగింది. నీటిని సూదిమందుతో తగ్గించగలం. గీత పోతే మాత్రం మళ్లీ గియ్యలేం."

"ఇన్నాళ్లూ నుదుటి గీతే అనుకున్నాం, కంట్లో కూడా గీతలున్నాయన్నమాట," అన్నాడు బావ. భయమేసినప్పుడే బావ జోకులు వేస్తాడు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"మరి చూపొస్తుందాండీ?" అని అడిగింది అక్క. అప్పటికి బావ గోడ మీద అక్షరాల పట్టికలో పై రెండు వరుసలే చదువుతున్నాడు.

డాక్టరుగారు ఏదో నొక్కింది. ఈమధ్య ఒక ప్రోగ్రాం వచ్చిందట. ఇలాంటి కళ్ల ఫొటోలు వేలకి వేలు చూసి నేర్చుకుందట. నీరెక్కడుంది, గీత ఎంత మిగిలింది చూసి, మందు వేశాక చూపు ఎంతవరకు తిరిగి రావచ్చో అంచనా కడుతుందట.

"జాతకం లాగానా?" అన్నాడు బావ.

"జాతకం కాదండీ, వాతావరణం కబురు లాంటిది. వాన రావచ్చు అంటాం. గొడుగు పట్టుకెళ్లడం మీ పని." తెర వైపు చూసి చెప్పింది. "అయిదో వరుస వరకు రావచ్చు. రావచ్చు అంటున్నానండీ, వస్తుందని అనట్లేదు."

ఆ 'రావచ్చు' అన్న మాట బావ చెవిలో పడేసరికి 'వస్తుంది' అయింది. అక్క చెవిలో పడేసరికి 'రావాలి' అయింది. నాకు మాత్రం 'రాకపోవచ్చు' అనే వినబడింది. నా బుద్ధే అంత, కుట్టకముందే చిరుగు వెతుకుతాను.

సూదులు మొదలయ్యాయి. ఆ పొద్దుల సంగతి ఎందుకులెండి. బావ ముందురోజు నుంచే అన్నం సరిగా తినడు. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని, లోపలికి వెళ్లి వచ్చేవాళ్లందరినీ "నొప్పి పుట్టిందాండీ?" అని అడుగుతాడు. ఎవరైనా "అబ్బే, చీమ కుట్టినట్టు" అంటే "ఏ చీమ?" అంటాడు. అక్క అతని వీపు నిమురుతూ ఉంటుంది. తీరా లోపలికి పిలిచాక గుండె చిక్కబట్టుకుని మహారాజులా నడిచి వెళ్తాడు. బయట నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చుంటాం. మనకున్నది ఒక్కటే కన్ను, దాన్నే సూదికి అప్పగించాం అన్న ఆలోచన ఎంత తోసేసినా పోయేది కాదు.

మొదటి సూది తర్వాత మూడో వరుస చదివాడని అక్క బయటికొచ్చి చెప్పింది. పరీక్ష గదిలోకి తోడుగా ఒక్కరినే రానిస్తారు, అక్కే వెళ్లేది. ఆ తర్వాతి సూదికి అయిదో వరుస చదివేశాడు. అక్షరాల పట్టిక దగ్గర నిలబడే అమ్మాయి చప్పట్లు కొట్టిందట. కంప్యూటరు చెప్పిన వరుస, కన్ను చదివిన వరుస ఒకటే అయ్యేసరికి డాక్టరుగారు కూడా మురిసిపోయిందట. బావ ఇంటికొస్తూ దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ చదువుతానని బయల్దేరాడు. అక్క చెయ్యి పట్టుకుని, "ఔషధాలయం! టైర్లు! ఇల్లు అద్దెకి!" అని వీధంతా వినబడేలా చదివాడు. వెనకాల నడుస్తున్న నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఈసారి చిరుగు లేదనుకున్నాను.

నాలుగు రోజులు తిరక్కుండానే ఒక మధ్యాహ్నం బావ నా గదిలోకొచ్చాడు. కిటికీ పక్కన స్టాండుకి మంత్రి అంగీ తొడిగి ఉంచాను, అంచు కుట్టడానికి. బావ దాని ముందు ఆగి, చేతులు జోడించి, "రండి రండి, ఎంతసేపైంది వచ్చి? కూర్చోండి," అన్నాడు.

నేను మిషను ఆపేశాను.

"బావా, అది అంగీ."

"తెలుసే, నిన్ను ఏడిపిద్దామని," అన్నాడు. కానీ మొహంలో రంగు పోయింది.

నాకు మనసు ఆగలేదు. సాయంత్రం అక్క పక్కనే బట్టలు మడత పెడుతుంటే, బావ ఎదురుగా నిలబడి వేళ్లు చూపించాను. ఎన్ని అంటే మూడు అన్నాడు. మార్చి చూపించాను. రెండు అన్నాడు. రెండూ సరే. అక్క మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ చూపించాను.

"ఎన్ని?"

"నీ వేళ్లు లెక్కపెట్టడానికా నేను పుట్టింది? పో, పోయి గుండీలు కుట్టుకో," అని కసిరి, అటు తిరిగి పడుకున్నాడు.

వెలుతురు తక్కువేమో అనుకున్నాను. అలిసిపోయాడేమో అనుకున్నాను. అక్క ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఉందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కారణం కోసం అన్ని చోట్లా వెతికాను. నిద్ర పట్టలేదు. పగలు కుట్టు వంకర పోయింది. అయిదో వరుస చదివే కన్ను అంగీకి నమస్కారం పెడుతుందా? ఈ ప్రశ్న అడిగితే అక్క సంతోషం ఎగిరిపోతుంది, అడక్కపోతే నా ప్రాణం పోయేలా ఉంది.

తర్వాతి పరీక్షకి నేనూ లోపలికి వస్తానని పట్టుబట్టాను. పట్టిక అమ్మాయి ఒక్కరే అంది. "ఇద్దరం కలిస్తే ఒక మనిషి బరువు కూడా లేం తల్లీ," అని తోసుకుని దూరాను.

సన్నటి పొడుగాటి గది. దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి, ఆ చివర గోడ మీద అక్షరాల పట్టిక ఒక్కటే వెలుగుతోంది. పైన పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చిన్నవి. ఈ చివర కుర్చీలో బావ, ఎడమ కంటికి నల్ల గరిటె లాంటి మూత అడ్డం పెట్టుకుని. అతని కుడి భుజం వెనక చిన్న స్టూలు మీద అక్క.

చీకటి, ఆ చివర వెలుతురు, ముందు బావ, వెనక స్టూలు మీద అక్క. నేను జీవితమంతా చూస్తున్న ఏర్పాటే అది.

పట్టిక అమ్మాయి అంత దూరాన, గోడ పక్కన నిలబడి కర్రతో చూపిస్తోంది. పైవరుస, రెండో వరుస బావ గడగడా చదివాడు. మూడో వరుసలో కర్ర ఒక అక్షరం మీద ఆగింది. బావ ఆగాడు.

నేను అక్కకి జానెడు దూరంలో ఉన్నాను కాబట్టి తెలిసింది, లేకపోతే నాకూ తెలిసేది కాదు. ఒక చిన్న ఊపిరి.

"ఘ!" అన్నాడు బావ, కోట మీంచి ఆజ్ఞ ఇస్తున్నట్టు.

కర్ర జరిగింది. ఊపిరి. "ర!" కర్ర జరిగింది. ఊపిరి. "మ!"

అక్క మొహం చూశాను. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, పట్టిక మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. నాటకం ఆడుతున్నంతసేపూ ఉండే మొహమే. పిలిచినా పలకదు అప్పుడు. మోసం చేసేవాళ్ల మొహం అలా ఉండదు. ఎదురుగా తన మనిషి మాట కోసం ఆగాడు, తను అందిస్తోంది, అంతే. ఆమె అందించేది ఎప్పుడూ మొదటి అక్షరమే కదా. ఇక్కడ ఉన్నవన్నీ మొదటి అక్షరాలే.

నోరున్నదాన్ని, నాకు నోరు పడిపోయింది. అయిదో వరుస పూర్తయింది. దీపాలు వెలిగాయి. పట్టిక అమ్మాయి "సూపర్ సార్!" అంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చెప్పాలా? ఎవరికి? ఇంటికెళ్లాక అక్కకి నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను. ఇంకో సూది ఎలాగూ ఉంది కదా, తొందరేముంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

స్కాన్ తీశారు. డాక్టరుగారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ ఫొటో వంక చూసి, పట్టిక కాగితం వంక చూసి నవ్వింది.

"నీరు పూర్తిగా పోలేదు, ఇక్కడ కొంచెం మొండికేసింది. కానీ చూపు అయిదో వరుసకి వచ్చేసింది కాబట్టి భయం లేదు. చూపు ఇంత బాగున్నప్పుడు ఊరికే పొడుస్తూ కూర్చోవడం ఎందుకు? సూదులు ఆపేద్దాం. కొన్ని నెలలయ్యాక మళ్లీ చూద్దాం."

బావ రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టాడు. అక్క కళ్లు తుడుచుకుంది. కొన్ని నెలలు. ఆ నల్ల బుడగలు, ఆ సన్నటి గీత, దాని పక్కనే గీత లేని ఎడమ కన్ను, అన్నీ నా కళ్లముందే కంప్యూటరులో వెలుగుతున్నాయి.

"ఆపకండి డాక్టరుగారూ," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినబడింది. "ఆయన చదవలేదు. మా అక్క చదివింది."

అక్క నావైపు తిరిగింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషికి కోపమొస్తే చూడలేం. "ఏం మాట్లాడుతున్నావే? నేను నోరు విప్పితే ఒట్టు! ఆయన బాగుపడితే నీకేంటి బాధ?"

ఆ చివరి మాట నాకు సూదిలా గుచ్చుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు. "విప్పలేదక్కా. నువ్వెప్పుడు విప్పావు గనక? ఊపిరి వదిలావు. ఘ, ర, మ, అన్నీ నువ్వే అందించావు."

"ఒట్టు!" అంది అక్క డాక్టరుగారితో. "నా బిడ్డలాంటిదానివి, నీ దగ్గర అబద్ధమాడతానా? నేను ఊరికే కూర్చున్నాను."

డాక్టరుగారు మా ఇద్దరినీ వదిలేసి బావని చూసింది. "సార్, మీరు చెప్పండి. అక్షరాలు మీకు కనబడ్డాయా?"

బావ తల దించుకున్నాడు. "నాకు..." అన్నాడు. "కనబడిందో, వినబడిందో నాకు..."

ఆగిపోయాడు.

"తె," అంది అక్క ఊపిరి.

"తెలీడం లేదమ్మా," అన్నాడు బావ.

ఈసారి అందరికీ వినబడింది. అక్కకి కూడా వినబడింది. చెయ్యి ఠక్కున నోటిమీదికి పోయింది, అలాగే ఉండిపోయింది. ఆ చేతి పైన కళ్లు ఎంత పెద్దవయ్యాయో నాకిప్పటికీ గుర్తే. పాపం అక్క. తన మొగుడి కన్ను తనే ఆర్పబోయిందని ఆ ఒక్క అక్షరంతో తెలుసుకుంది.

డాక్టరుగారు బావని మళ్లీ పట్టిక గదికి తీసుకెళ్లమంది. మమ్మల్ని బయటే ఉండమంది. తలుపు సందులోంచి పట్టిక అమ్మాయి గొంతు వినబడుతూనే ఉంది. పైవరుస చదివాడు. రెండోది చదివాడు. మూడో వరుసలో ఒకటేదో చెప్పాడు. తర్వాత చప్పుడు లేదు. అక్క బల్ల మీద కూర్చుని తన పిడికిలి తనే కొరుక్కుంటోంది.

"కనబట్లేదమ్మా," అన్నాడు బావ లోపల. మెల్లగా అన్నాడు. హాలు చివరి వరుసకి వినబడే ఆ గొంతు, తలుపు దాటడానికే కష్టపడింది.

తర్వాత డాక్టరుగారు చెప్పింది నాకు సగమే ఎక్కింది. నీరు అక్కడే ఉండటం వల్ల చూపు రాలేదు. ఈ మందుకి లొంగట్లేదు, వేరే మందు వెయ్యాలి. ఇలాగే నెలలు వదిలేసి ఉంటే ఆ నీటి కింద గీత కూడా ఎడమ కంట్లోలాగే చెరిగిపోయేది.

"మరి ఆ అయిదో వరుస?" అని అడిగాను. అక్క అడగలేదు. అక్క నోరు తెరవడానికే భయపడుతోంది.

"గీత మధ్యలో ఇంకా ఉంది. అంచనా కొంచెం తగ్గింది, నాలుగు, అయిదు మధ్యలో చెబుతోంది. రావచ్చు. ఆలస్యం చెయ్యకూడదు," అంది. తర్వాత అక్క భుజం మీద చెయ్యి వేసి, "ఈసారి నుంచి మీరు బయటే ఉండండి పిన్నిగారూ," అంది.

ఇంట్లో అసలు నరకం అప్పుడు మొదలైంది. బావ నాతో మాట్లాడటం మానేశాడు. "ఇంట్లో మరదలుందనుకున్నా, గూఢచారి ఉందనుకోలేదు," అని గోడతో అన్నాడు. అక్కా నాతో పొడిపొడిగానే. వాటిని భరించొచ్చు. భరించలేనిది ఏమిటంటే, అక్క మాట అందించడం మానేసింది. బావ "ఆ అదేంటది..." అని ఆగుతాడు. అక్క పెదవులు బిగించి అటు తిరుగుతుంది. ఆ మాట అలా గాలిలో వేలాడుతూ ఉంటుంది. బావ కాసేపు వెతుక్కుని, "ఏం లేదులే," అని ఊరుకుంటాడు. దువ్వెన, చెప్పులు, మందుసీసా, ఒక్కొక్క మాటా దొరక్క మా ఇంట్లోంచి పోవడం మొదలెట్టాయి. మాట అందిస్తే కన్ను పోతుందని ఎవరూ అనలేదు అక్కతో. కానీ అక్క మనసులో ఆ రెండూ ముడిపడిపోయాయి. రాత్రిపూట నిద్రలో కూడా ఊపిరి బిగపట్టుకుంటోందేమో అనిపించేది నాకు.

"అక్కా, ఇంట్లో చెప్పొచ్చే, పరీక్ష గదిలోనే వద్దంది," అన్నాను ఒకసారి.

"నాకెలా తెలుస్తుందే, ఎప్పుడు అంటున్నానో ఎప్పుడు అనట్లేదో?" అంది. "నా నోరే నా మాట వినట్లేదు." ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

కొత్త మందు సూదులు వేశారు. ప్రతిసారీ స్కాన్లో నీరు తగ్గుతోందనే చెప్పింది డాక్టరుగారు. చూపు సంగతి మాత్రం అన్ని సూదులూ అయ్యాకే చూద్దామంది. ఆ పరీక్ష రోజు రానే వచ్చింది. బావ మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, వేషం కట్టబోయేముందు ఉండేంత గంభీరంగా తయారయ్యాడు. దారిలో ఏ బోర్డూ చదవలేదు. నేను చదవమని అడగలేదు.

లోపలికి ఒక్కడే వెళ్లాడు. మేం బయట బల్ల మీద. తలుపు ఓరగా ఉంది. అక్క చేతిరుమాలు ఉండచుట్టి పళ్ల మధ్య పెట్టుకుంది. ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

పైవరుస. రెండో వరుస. మూడోది. ఘ, ర, మ మీద ఆగలేదు. అక్క గోళ్లు నా చర్మంలోకి దిగుతున్నాయి. నాలుగో వరుసలో రెండుచోట్ల ఆగి, ఆలోచించి, చెప్పాడు. నాకు ఆ పట్టిక గుర్తులేదు కాబట్టి సరైనవో కావో తెలీదు. అక్కకి ప్రతి అక్షరం కంఠతా. ఆమె మొహంలోకి చూశాను. ఏమీ తెలియలేదు. నెత్తురు లేనట్టు తెల్లగా ఉంది.

"ఇప్పుడు అయిదో వరుస సార్."

"గ," అన్నాడు బావ. "న."

ఆగాడు.

నాటకంలో ఇంతసేపు ఎవరూ ఆగకూడదు. ఇంతసేపు ఆగితే జనం దగ్గుతారు, కుర్చీలు కదులుతాయి. అక్క వీపు నిటారైంది. రొమ్ము నిండా ఊపిరి పీల్చి ఆపేసింది, నాకు తెలుస్తోంది. ఆ ఒక్క అక్షరం అక్క గొంతులో కూర్చుని ఉంది. ఇస్తే అయిపోతుంది. ఇవ్వకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. అయ్యో బావా, చెప్పు, ఏదో ఒకటి చెప్పు, కనబడట్లేదని మాత్రం అనకు అని నేను లోపల మొక్కుకుంటున్నాను.

"ప," అన్నాడు బావ.

"ఇంకోసారి చూడండి సార్."

"ఎన్నిసార్లు చూసినా ప నే. గుండ్రంగా, ఇదిగో, పైన తలకట్టుతో. ప!" రాజుగారికి కోపం వచ్చింది.

అక్క ఒక్కసారిగా ఊపిరి వదిలింది. చేతిరుమాలు ఒళ్లో పడింది. నా మణికట్టు వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏమైందక్కా? తప్పా?"

"తప్పే," అంది. చేతులు తీసింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. "అది ష. ప కాదు, ష." నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "తప్పు చదివాడే! నేనెప్పుడైనా తప్పు అందించానా? తనే చదివాడే, తనే చదివాడు!"